పేడచేతి తోడు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ముక్కు మూసుకోవాలనిపిస్తే మూసుకో, చెవులు మాత్రం తెరిచి ఉంచు. ఇది కడుపు కథ. పిల్లల్ని మోసే కడుపు కాదు, తిన్నదంతా పోయి చేరే కడుపు. దాని ఊసెత్తితే సిగ్గుతో చచ్చిపోయే పెద్దమనుషులు కొందరుంటారు. వాళ్లలో ఒకాయన సిగ్గుతో కాక నిజంగానే చావబోయాడు. ఆ ముచ్చట చెప్తాను విను.

సబ్బులాయన అంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. సబ్బులు, ఫినాయిలు, నేల తుడిచే మందులు, గిన్నెలు తోమే పొడులు, చేతులకు రాసుకునే వాసన నీళ్లు అన్నీ ఆయన దుకాణంలో కొలువుతీరి ఉండేవి. పైన పెద్ద బోర్డు: "క్రిమిని కంటికి కనపడకుండా చేస్తాం." అసలు క్రిమి ఎప్పుడు కంటికి కనపడింది గనకా అని ఆయన్ని అడిగినవాడు లేడు. అడిగినా వినేవాడు కాదు. ఆయన చెవులు సొంత గొంతు వినడానికే పెట్టించుకున్నట్టుండేవి.

ఇంటి వెనకవాటాలో తమ్ముడు, తమ్ముడి భార్య కాపురం. తమ్ముడు అన్న దుకాణంలోనే పెట్టెలు మోసి, బండి మీద సరుకు చేరవేసేవాడు. అన్న తుమ్మితే తాను ముక్కు తుడుచుకునే రకం. తమ్ముడి భార్య పెరట్లో పాక వేసుకుని, ఆవుల్ని పెట్టుకుని వీధికి పాలు పోసేది. అందరికీ ఆమె పాలామె. బావగారికి మాత్రం పేడచేతుల పిల్ల.

ఆ పొద్దున పాలామె పాక ఊడ్చి, పేడ గంపకెత్తి, నల్లావు దగ్గర కూర్చుంది. ఎర్రావు చూడిది, నెలలు నిండుతున్నాయి గనక దాన్ని పితకడం మానేసి మెత్తటి గడ్డి వేస్తోంది. నల్లావు పొదుగు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, గుడ్డతో ఒత్తి, ఆవు చేపి పాలు దిగేదాకా దూడను వదిలి, తర్వాత పక్కకు లాగి కట్టింది. మొదటి ధారలు నేలపాలు చేసి బకెట్టు మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. ఖాళీ బకెట్టులో గణగణమన్న ధార, పాలు నిండేకొద్దీ నురగలో పడి మెత్తబడింది.

చేతులు కడుక్కుని, పాలచెంబు పట్టుకుని ముందువాటా వంటింటి తలుపు గడియ తీసింది. తోడికోడలు పెద్దామె గిన్నెను గడప మీద పెట్టి వెనక్కి జరిగింది. పాలామె ఎత్తు నుంచి పాలు పోసింది. పోసి ఇలా తిరిగిందో లేదో, ఫినాయిలు గుడ్డ గడియ మీద పడింది. రోజూ జరిగేదే. తలుపుగడియకు రంగు పోయి ఇనుము తేలిందంటే ఆ తుడుపుకే. పాలు మాత్రం శుభ్రంగా తాగేవాళ్లు. పాలకు చేతులుండవు కదా మరి.

సబ్బులాయన పడకకుర్చీలో వాడిన తోటకూరలా వేలాడుతున్నాడు. ఆస్పత్రి నుంచి రావడం, నాలుగు రోజులు బాగుండటం, మళ్లీ మరుగుదొడ్డికి పరుగులు పెట్టడం. ఆ పరుగులకు చిక్కి సగమయ్యాడు. అయినా నోరు చిక్కలేదు. జబ్బంతా ఆ పాకలోంచే వచ్చిందని, వారం తిరిగేసరికి పశువుల బేరగాడు వచ్చి ఆవుల్ని తోలుకుపోతాడని, పాక పడగొట్టి సబ్బు పెట్టెలకు గోడౌను కట్టిస్తానని తమ్ముడితో చెబుతున్నాడు. తమ్ముడు తన చెప్పుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటూ నిలబడ్డాడు. పాలామె గడప అవతలినుంచి ఎర్రావు చూడిదని చెప్పింది. చూడిదైతే ఇంకా మంచి బేరం వస్తుందని బావగారు సెలవిచ్చారు. ఆ మాట అంటూండగానే కడుపు మెలితిరిగింది. కుర్చీలోంచి లేచి పరుగెత్తాడు.

సాయంత్రానికి ఆయన్ని మళ్లీ ఆస్పత్రిలో చేర్చారు. తమ్ముడు ఒక పక్క, పాలామె ఒక పక్క పట్టుకుని బండి ఎక్కించారు. ఆమె చెయ్యి చంకకింద పడినప్పుడు ఆయన మొహం చిట్లించాడు గానీ, వదిలెయ్యమనే ఓపిక లేదు.

అక్కడి డాక్టరమ్మ పొట్టి మనిషి, మాట పొడుగు. ఎవరికీ భయపడేది కాదు. మంచం చుట్టూ అందర్నీ నిలబెట్టి జబ్బేమిటో చెప్పింది. మనిషి పేగుల్లో లెక్కలేనన్ని క్రిములు కాపురం ఉంటాయట. తిన్నది అరగడానికి సాయపడతాయట, చెడ్డవాటిని లోపలికి రానివ్వవట. సబ్బులాయన తన స్నేహితుడు మందుల షాపాయన దగ్గర్నుంచి గట్టి గట్టి యాంటీబయాటిక్ బిళ్లలు తెచ్చుకుని, తుమ్ముకొకటి, తలనొప్పికొకటి, ఏమీ లేకపోతే ముందు జాగ్రత్తకొకటి మింగాడు. మంచివన్నీ చచ్చాయి. ఖాళీ ఇల్లు చూసి దొంగ క్రిమి ఒకటి దిగింది. మందేస్తే మూల నక్కుతుంది, మందాపితే లేస్తుంది.

"మరి దారేమిటండీ?" అని అడిగింది పెద్దామె.

"ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, పరీక్షలన్నీ చేసి, ఉప్పునీళ్లలో కలిపి, వడగట్టి, గొట్టంతో ఈయన పేగులోకి ఎక్కించాలి."

పెద్దామెకు సరిగ్గా వినపడలేదో, వినపడిందని ఒప్పుకోవడం ఇష్టంలేదో, ఏమిటన్నారని మళ్లీ అడిగింది. డాక్టరమ్మ గొంతు ఏమాత్రం తగ్గించకుండా మళ్లీ చెప్పింది. పక్క మంచం రోగి, పాపం, తన నొప్పి మరిచిపోయి ఇటు తిరిగాడు. తమ్ముడు దగ్గాడు. సబ్బులాయన మొహం చూడాలి, ఎవరో సున్నం కొట్టినట్టయింది.

పాలామె మాత్రం ఆలోచించి అంది. "తోడు వెయ్యడమన్నమాట."

"అంతేనమ్మా," అంది డాక్టరమ్మ, ఆ మాట దొరికినందుకు సంతోషపడుతూ. "ఇంట్లో పెరుగు అయిపోతే పక్కింట్లో ఇంత తోడు తెచ్చుకోమూ? అలాగే. మిగతా పని అవే చూసుకుంటాయి."

అప్పుడు సబ్బులాయన నీరసంగా చెయ్యెత్తి, పోనీ దాన్ని ముందుగా బాగా మరగబెట్టి ఎక్కించవచ్చా అని అడిగాడు. మరిగే పాలలో తోడు ఎవరైనా వేస్తారా అని డాక్టరమ్మ ఎదురడిగింది. ఆయన చెయ్యి దించేశాడు.

ఇక ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. పెద్దామెది పనికిరాలేదు. మొగుడు మింగినప్పుడల్లా ఆవిడ చేతా బిళ్ల మింగించేవాడు. తమ్ముడూ అంతే, దుకాణంలో మనిషి పడుకుంటే పని ఆగిపోతుందని అన్నగారు వారం వారం వాడి నోట్లో కూడా ఒకటి వేసేవారు. అప్పుడు పెద్దామె తమ్ముడు, ఆఫీసరుగారు, మోటారులో దిగారు. మెళ్లో టై, చేతిలో పళ్లబుట్ట. తనది ఉన్నప్పుడు బావగారికి దిగులెందుకని, తాను రోజూ పరుగెడతానని, బయటి తిండి ముట్టనని వార్డంతా వినబడేలా చెప్పి పరీక్షకిచ్చి వెళ్లారు. ఆయన ఎంత పెద్ద పదవిలో ఉన్నారో పరీక్ష చేసే మిషనుకు తెలియదు పాపం. ఆయన కడుపులో కూడా అదే దొంగ క్రిమి ముడుచుకు కూర్చునుందని తేలింది. ఆఫీసరుగారు మిషను చెడిపోయిందన్నారు. మా పుట్టింటివాళ్లది పనికిరాదని ఇంతవరకూ ఎవరూ అనలేదని పెద్దామె కళ్లొత్తుకుంది. వాళ్ల పుట్టింటివాళ్లది అంతకుముందు ఎవరు అడిగారో మాత్రం చెప్పలేదు.

మిగిలింది పాలామె. ఆమె నోట్లో ఎవరూ బిళ్ల వెయ్యలేదు. పేడచేతుల పిల్లకు ఖరీదైన బిళ్లలు దండగని బావగారే అన్నారు. పశువుల దగ్గర మసిలే మనిషి గనక డాక్టరమ్మ ఇంకొన్ని పరీక్షలు ఎక్కువే చేయించింది. అన్నీ సరిపోయాయి. ఇంత చక్కటి కడుపు ఈమధ్య చూడలేదని డాక్టరమ్మ మెచ్చుకుంటే, జీవితంలో ఎవరూ దేనికీ మెచ్చుకోని ఆ పిల్ల కొంగు సర్దుకుంది.

సబ్బులాయన ఒప్పుకోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకెవరిదైనా, కాస్త చదువుకున్నవాళ్లది దొరకదా అని అడిగాడు.

"దానికి చదువు రాదండి," అంది డాక్టరమ్మ.

ఒకరోజు గడిచింది, ఇంకోరోజు గడిచింది. సెలైను ఎక్కుతోంది, ఎక్కింది ఎక్కినట్టే దిగిపోతోంది. కళ్లు గుంటలు పడ్డాయి. మంచం దిగలేక మంచంలోనే అయిపోయి, ఆయా వచ్చి దుప్పటి మారుస్తుంటే, ఊరందరి మురికీ వదిలించిన మనిషి కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఆ మధ్యాహ్నం మరదల్ని పిలవమన్నాడు.

పాలామె వచ్చి మంచం కాళ్లవైపు నిలబడింది. దారిలో మొగుడు నూరిపోస్తూనే వచ్చాడు, ఎంతైనా అన్నయ్య, పెద్దవాడు, కాదనకు అని. కాదనే ఉద్దేశం ఆమెకెప్పుడూ లేదు. చావబోయే మనిషి దగ్గర బేరమాడటం ఆమెకు చేతకాదు. కానీ పాక గుర్తొచ్చింది, ఎర్రావు కడుపు గుర్తొచ్చింది.

"బావగారూ, ఇస్తాను. మీరు నా ఆవుల్ని అమ్మకండి," అంది.

"నీ ఆవులు నీవేనమ్మాయ్. నా నోటి మాట," అన్నాడాయన. పెద్దామె విన్నది, తమ్ముడు విన్నాడు, పక్క మంచం రోగి కూడా తల ఊపాడు.

మర్నాడు పొద్దున ఆస్పత్రివాళ్లిచ్చిన తెల్ల డబ్బా, బిగువు మూతది, పట్టుకుని ఆమె ఆస్పత్రి మెట్లెక్కింది. పాలబకెట్టు ఒలకకుండా మోసే నడకే అది. భుజం కదలదు, చెయ్యి కదలదు. నర్సు అందుకుని వెచ్చగా ఉండగానే లోపలికి తీసుకుపోయింది. ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. నల్లావుకు కుడితి పెట్టలేదని ఒకటే ఆలోచన.

మందులు నెలల తరబడి చెయ్యలేనిది ఆ తోడు రెండ్రోజుల్లో చేసింది. పరుగులు ఆగాయి. ఆకలంటూ అడిగి తిన్నాడు. తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికొచ్చాడు. ఇక కొన్నాళ్లపాటు అవసరం లేకుండా ఒక్క బిళ్ల కూడా ముట్టకూడదని డాక్టరమ్మ వేలెత్తి మరీ చెప్పి పంపింది. వీధివాళ్లు చూడటానికి వచ్చారు. ఏం మందుకు తగ్గిందని అడిగినవాళ్లకు సబ్బులాయన మీసం సవరించుకుంటూ చెప్పాడు. విదేశాల నుంచి తెప్పించారట, అందరికీ దొరకదట, విమానంలో మంచుపెట్టెలో వచ్చిందట. పాలామె గడప దగ్గర గిన్నెలో పాలు పోస్తూ ఆ విమానం సంగతి విన్నది. పెద్దామె ఆమె మొహంలోకి చూడకుండా గిన్నె తీసుకుని, ఆనక గడియ తుడిచింది. కడుపులో పెట్టుకున్నదాన్ని గడియ మీద ఉంచుకోలేకపోయారు.

అయితే ఆయనకు సుఖం లేదు. తినేటప్పుడు చెయ్యి కడుపు మీదికి పోయేది. లోపల ఎవరో తిరుగుతున్నారనేవాడు. చెమటలో పేడవాసన వస్తోందని రోజంతా ఒళ్లు రుద్దుకునేవాడు. పెద్దామెతో ఆయన అన్నమాట ఆ తర్వాత వీధంతా తెలిసింది. జబ్బు తగ్గింది, ఆ పిల్ల క్రిముల పని అయిపోయింది, ఇక వాటినీ ఖాళీ చేయించాలి అన్నాడట. అద్దెకున్నవాళ్లను పంపించినట్టు. మందుల షాపాయన దగ్గర్నుంచి అన్నిటికన్నా గట్టి బిళ్లలు తెప్పించుకున్నాడు. కడుపును కడిగేసుకుంటున్నానని ఎంత తృప్తిగా మింగాడో. మనిషికి తెలివి లేకపోతే ఫరవాలేదు తల్లీ, చాలామందికి లేదు. ఉన్నదనుకోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా.

బిళ్లలు మింగినన్నాళ్లూ హుషారుగానే ఉన్నాడు. ఆ హుషారులోనే పశువుల బేరగాడికి కబురు పెట్టాడు.

బేరగాడు వచ్చి ఎర్రావు డొక్కలు తడిమి చూస్తుంటే పాలామె పాకలోంచి బయటికి వచ్చింది. ఆమె ఏమీ అనకముందే తమ్ముడు గొంతు సవరించుకుని, అన్నయ్య ఆస్పత్రిలో మాటిచ్చాడు కదా అని గొణిగాడు. పెళ్లయ్యాక వాడు భార్య తరఫున అన్న మొదటి మాట అదే. అన్నగారు వాడి వైపు కూడా చూడలేదు. ఒంట్లో బాగాలేనప్పుడు ఆడిన మాటలు లెక్కలోకి రావన్నాడు.

"అంటే బావగారు ఒంట్లో బాగాలేకపోతే తప్ప మాట మీద ఉండరన్నమాట," అంది పాలామె.

అని, బేరగాడి చెయ్యి మెల్లగా పక్కకు తీసి, ఎర్రావు పలుపు విప్పింది. తర్వాత నల్లావుది. దూడను కట్టక్కర్లేదు, తల్లి వెంట అదే వస్తుంది. ఊరి చివర, పని ఆగిపోయిన ఇటుకబట్టీ పక్కన ఆమె పిన్నికి ఒక ఖాళీ షెడ్డు ఉంది. వీధి మధ్యగా ఆవుల్ని నడిపించుకుంటూ అక్కడికి పోయింది. వెనక్కి చూడలేదు. చీకటి పడకముందే తమ్ముడు నెత్తిన గడ్డిమోపు, చేతిలో పాలబకెట్టుతో షెడ్డు ముందు నిలబడ్డాడు. లోపలికి రావచ్చా అని అడిగాడు. ముందు ఆ గడ్డి దించమంది.

వీధివాళ్లు చెంబులు పట్టుకుని బట్టీ దగ్గరికే రావడం మొదలుపెట్టారు. కాస్త దూరమే, కానీ పాలు పాలే. ఎర్రావు అక్కడే ఈనింది. కోడెదూడ కాదు, పెయ్య.

సబ్బులాయన కడుపు మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మరీ తీవ్రంగా. డాక్టరమ్మ ఆయన చెప్పినదంతా విన్నది. ఆ క్రిముల్ని ఖాళీ చేయించానని ఆయన నోటితోనే చెప్పించి విన్నది. తిట్టలేదు. వెళ్లి మీ మరదల్నే అడగండి, నేను అడగను, నాకు మొహం చెల్లదు అంది.

ఒక పొద్దున షెడ్డు ముందు బండి ఆగింది. పెద్దామె బండిలోనే ఉండిపోయింది. సబ్బులాయన దిగి, గోడ పట్టుకుని, దడి పట్టుకుని లోపలికి వచ్చాడు. పాలకు వచ్చినవాళ్లు చెంబులతో, గిన్నెలతో వరుసగా నిలబడి ఉన్నారు. ఆయన అలవాటు కొద్దీ వాళ్లను దాటుకుని ముందుకు పోబోయాడు. వీధిలో బట్టలు కుట్టే కుట్టుమిషను ఆవిడ, వరుస ఇటుందని చెయ్యి చూపింది. ఆయన వెళ్లి చివర నిలబడ్డాడు.

పాలామె చూసింది. చూసి పితుకుతూనే ఉంది. ఆవు చేపాక మధ్యలో లేవకూడదు, పాలు ఎగబట్టేస్తుంది, ఇక చుక్క దింపదు. అది బావగారి కోసం కనిపెట్టిన నియమం కాదు.

మీరూ పాలకేనా అని కుట్టుమిషను ఆవిడ పలకరించింది. ఆయన అటూ ఇటూ చూసి, తోడుకి వచ్చానన్నాడు. తోడుకి ఇంతదూరం ఎందుకు, మా ఇంట్లో ఇవ్వనూ అంది ఆవిడ.

"ఆయనకు కావలసిన తోడు మీ ఇంట్లో లేదక్కా," అంది పాలామె తలెత్తకుండా. "ఏ తోడో ఆయన్నే చెప్పనివ్వండి."

సబ్బులాయన వరుస వదిలి దగ్గరికి వచ్చి, ఆవుకు వినపడకూడదన్నంత మెల్లగా, పాక తిరిగి ఇచ్చేస్తానన్నాడు. గోడౌను కట్టనన్నాడు. ఈసారి మాట తప్పనన్నాడు.

"నాకు షెడ్డు ఉంది బావగారూ. ఇవ్వనని నేను అనలేదు, అనను. విమానంలో వచ్చిందని అందరికీ చెప్పారు. ఎక్కడినుంచి వచ్చిందో వీళ్లకు చెప్పి తీసుకెళ్లండి."

ఆయన వరుస వైపు తిరిగాడు. ఆ ఒక్క మాట చెప్పేకంటే చావే నయమని ఆయన మొహంలో రాసి ఉంది. కానీ చావడం కూడా ఇష్టం లేదు. చివరికి చెప్పాడు. మందు కాదని, విమానం లేదని, మా మరదలి కడుపులోదే, ఆవిడ మలమే నాకు ఎక్కించారని, దానితోనే బతికానని. చెప్పి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వాళ్లంతా విరగబడి నవ్వుతారని.

ఎవరూ నవ్వలేదు. కుట్టుమిషను ఆవిడ చెంబు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, మా వదినకూ అచ్చం ఇదే బాధండీ, మందేస్తే తగ్గుతుంది, ఆపితే మొదలు, ఏ ఆస్పత్రి అని అడిగింది. వెనకున్న బడిపంతులు, గొట్టం ఎక్కించేటప్పుడు నొప్పి ఉంటుందా అన్నాడు. ఇన్నాళ్లూ ఆయన ప్రాణానికి మించి దాచుకున్న పరువు అక్కడ ఒక్కరికీ అక్కర్లేకపోయింది.

సబ్బులాయన కళ్లు తెరిచాడు. మనిషి మారాడనుకుంటున్నావేమో. నడుం మీద చెయ్యి పెట్టి, దుకాణంలో సరుకు అమ్మే గొంతుతో మొదలుపెట్టాడు. "లోపల కోట్లకొద్దీ మంచి క్రిములుంటాయండీ. మనవాళ్లకు తెలియక క్రిమి అనగానే చంపుతారు. అది చాలా పొరపాటు..."

పాలామె నిండిన బకెట్టుతో లేచింది. ఆయన సరిగ్గా దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"జరగండి బావగారూ," అంది.

ఆయన మాట ఆపకుండానే జరిగాడు. ఆమె చెంబులు నింపింది. అందరికీ పోశాక, చేతులు కడుక్కుని, మొగుడికి ఆవుల్ని అప్పగించి, పరీక్షలకు ఆస్పత్రికి బయలుదేరింది. బండి ఎక్కేటప్పుడు పెద్దామె పక్కకు జరిగి చోటిచ్చింది. సరిగ్గా ఒక మనిషి పట్టేంత, ఎక్కువేం కాదు.

ఆయన బతికాడు. బిళ్లలు మానేశాడు. ఇప్పుడు ఆ వైద్యమంతా తనే కనిపెట్టినట్టు దుకాణంలో కూర్చుని చెబుతుంటాడు. ఒకరోజు మరదలి మాట వస్తుంది, ఒకరోజు నాలుక చివరనుంచి జారిపోతుంది. అందుకని ఇది నీకు చెప్పాను తల్లీ. గుర్తుపెట్టుకో. నువ్వు ఎవరికైనా చెప్పినప్పుడు ముందు ఆ పాలామె సంగతి చెప్పు, ఆయన సంగతి ఆనక, తీరికుంటే. అసలు మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించకు.